ఖాళీ జాగా ఎవరిది? మాంబళం చెరువు చెప్పే లెక్క

చెన్నపట్నంలో ఇద్దరు తెలుగువాళ్ళు కలుసుకుంటే, కుశలప్రశ్నలు అయిన తరువాత వచ్చే మాట తరచుగా గ్రౌండు ధర. 2400 చదరపు అడుగుల జాగాను ఒక గ్రౌండు అనడం ఈ ఊరి లెక్క. గజాలు, సెంట్లు చెప్పుకునే ఆంధ్రదేశపు బంధువులకు దీన్ని విడమరచి చెప్పవలసి వస్తుంది. గ్రౌండు మాట వచ్చిందంటే దాని వెనుకనే ఒక ఫిర్యాదూ వస్తుంది. "డబ్బు పెట్టి కొన్నది మనం. పట్టా మన పేర ఉంది. పన్ను మనం కడుతున్నాం. ఇటు ఇన్ని అడుగులు వదలాలి, అటు పార్కుకు ఇంత ఇవ్వాలి అని చెప్పడానికి మధ్యన వాళ్ళెవరండీ?"

ఈ ప్రశ్న అడిగేవాళ్ళందరూ దురాశాపరులు కారు. తరతరాలుగా వేరే భాష మాట్లాడే రాష్ట్రంలో కాపురం ఉంటున్న మనవంటి కుటుంబాలకు సొంత ఇల్లు ఆస్తి మాత్రమే కాదు, ఈ ఊళ్ళో మనకూ వేరున్నదని చెప్పుకునే ఆధారం. దానిమీద ఎవరైనా చెయ్యి వేస్తే ఉలికిపడడం సహజం. అందుచేత ఆ ప్రశ్నకు మర్యాదగానే జవాబు వెతకాలి. ఆ జవాబు నాకు మాంబళం చరిత్రలో దొరికింది. అందులో మన తెలుగు పెద్దల పాత్ర కూడా ఉన్నది కనుక చదువరులతో పంచుకుంటున్నాను.

ముందుగా ఒక మాట సంగతి. 'పోరంబోకు' అనే మాటను మనం తిట్టుగా వాడుతున్నాం. తమిళులూ అంతే. రెవెన్యూ లెక్కల్లో అది తిట్టు కాదు. శిస్తు లెక్కకు వెలుపల ఉంచిన భూమి అని అర్థం. చెరువు, కాలువ, బండిబాట, పశువుల మేతబీడు, శ్మశానం, ఇవన్నీ ఆ పద్దు కిందికే వస్తాయి. వాటికి ఎవరి పేరా పట్టా ఉండదు, ఎందుకంటే వాటి అవసరం ఊరందరికీ ఉంటుంది. పట్టా ఉన్న రైతు చేను పండాలంటే పట్టా లేని చెరువు నిండాలి. అతని బండి చేలోకి పోవాలంటే పట్టా లేని బాట ఉండాలి. అంటే సొంత భూమికి విలువ కట్టేది పక్కనున్న ఉమ్మడి భూమి. ఈ సంగతి పల్లెటూరి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. శిస్తు రాని భూమి గనుక పనికిమాలిన భూమి అనే చూపు వచ్చిన తరువాతనే, ఆ మాట పనికిమాలిన మనిషికి అంటుకున్నదని నాకు తోస్తుంది.

ఇక మాంబళానికి వద్దాం. ఇరవయ్యో శతాబ్ది తొలి రోజుల్లో చెన్నపట్నానికి పడమటి హద్దు ఒక చెరువు. దొరలు దాన్ని లాంగ్ ట్యాంకు అన్నారు. నుంగంబాక్కం నుంచి సైదాపేట దాకా సుమారు 6 కిలోమీటర్ల పొడవున విల్లులాగా వంగి ఉండేది. అందులో ఒక భాగం మాంబళం చెరువు. పట్నం పెరిగింది, ఇళ్ళకు కరువు వచ్చింది. 1923-25 మధ్య ఆ చెరువు నీరు తీసివేసి, పల్లాన్ని పూడ్చి, కొత్త పేట వేశారు. అదే త్యాగరాయనగర్, మన నోట టి.నగర్. చెరువు పోయినా దాని పేరు వీధులకు మిగిలింది. నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు ఉన్నది, బండ్ మీద నిలబడితే చూడడానికి ట్యాంకు లేదు. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉన్నది, కనిపించే లేకు లేదు. నుంగంబాక్కం వైపు మిగిలిన చెరువు నేల మీదనే 1976లో వళ్ళువర్ కోట్టం వెలిసింది.

ఈ పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు తెలుగువారు, దేవాంగుల కుటుంబంలో 1852లో పుట్టినవారు, మద్రాసు కార్పొరేషనుకు అధ్యక్షులుగా పనిచేసినవారు. 1920 ఎన్నికల తరువాత ముఖ్యమంత్రి పదవి తన దగ్గరకు వచ్చినా తీసుకోలేదు. 1925లో ఆయన కాలం చేశారు. పేట నడుమనున్న తోటకు పేరిచ్చిన పానగల్లు రాజా, పానుగంటి రామారాయణింగారు, శ్రీకాళహస్తిలో పుట్టినవారు. 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానికి ముఖ్యమంత్రి. చెరువు పేటగా మారింది ఆయన ఏలుబడిలోనే. ఒక తెలుగాయన పేరున్న పేటకు నడిబొడ్డున ఇంకొక తెలుగాయన పేరున్న తోట ఉన్నదన్న సంగతి మన పిల్లలకు తెలియదు. పార్కు దగ్గర చీరలు ఎక్కడ చవకో మాత్రం తెలుసు.

ఆ పేట వేసిన పద్ధతి మన ప్రశ్నకు ముఖ్యం. మన దేశంలో నగర నిర్మాణానికి చట్టం మొదట బొంబాయి రాజధానిలో 1915లోను, తరువాత మద్రాసులో 1920లోను వచ్చింది. ఈ చట్టాలకు మాదిరి ఇంగ్లండులోని 1909 చట్టం. వాటిలో తక్కెడకు రెండు సిబ్బెలు ఉన్నాయి. ప్లాను వల్ల ఒకరి భూమికి నష్టం కలిగితే ఆ యజమాని పరిహారం అడగవచ్చు. ప్లాను వల్ల ఒకరి భూమి ధర పెరిగితే ఆ పెరుగుదలలో కొంత భాగం మెరుగుదల రుసుముగా సర్కారుకు కట్టాలి. నష్టం వస్తే ఊరు భరించాలి, లాభం వస్తే ఊరికి వాటా ఇవ్వాలి అని దాని సారం. యజమాని హక్కును ఆ కాలపు పెద్దలు తోసిపుచ్చలేదు, దానికి లెక్క కట్టారు.

ఆ లెక్కలోనే పార్కులు వచ్చాయి. పానగల్ పార్కు నుంచి పెద్ద రోడ్లు బండిచక్రపు ఆకుల్లా నాలుగు వైపులకూ పోతాయి. కొంత దూరంలో నటేశన్ పార్కు ఉన్నది. చెరువు ఉన్నప్పుడు వానను ఆపుకున్నది, గాలిని చల్లబరచింది. చెరువును అమ్మకపు ప్లాట్లుగా కోసినప్పుడు దానికి బదులుగా ఊరికి మిగిలినవి ఈ తోటలు, వెడల్పు రోడ్లు, ఇళ్ళచుట్టూ వదిలిన జాగా. అక్కడ ప్లాటు కొన్నవాడు తన ప్లాటుకు ఇచ్చిన ధరలో పార్కు ధరా ఉన్నది. పార్కు ఎదుట ఉన్నది గనుకనే ఆ ప్లాటు అంత ధర పలికింది. ఈ రోజుకీ బ్రోకరు మొదట చెప్పే మాట "పార్కుకు దగ్గర" అనే గదా!

ఇంకొక లెక్క మనం మరచిపోతున్నాం. ఆ పార్కులను కొలిచి పెట్టింది ఒకటి రెండు అంతస్తుల బంగళాల కాలంలో. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో మనవాళ్ళు ఎందరో ఆ బంగళాల్లోనే కాపురం ఉన్నారు. ఒక్కొక్క ప్లాటుకు ఒక కుటుంబం, మహా అయితే రెండు. ఇవాళ ఆ ప్లాటు మీదనే ఎనిమిది, పన్నెండు కుటుంబాలు ఉంటున్నాయి. జాగా విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చునో చెప్పే నిష్పత్తిని 2019 నిబంధనలు మామూలు భవనాలకు 1.5 నుంచి 2కు పెంచాయి. యజమానులం సంతోషించాం. అంతస్తులు పెరిగినంత వేగంగా పార్కు పెరగదు. పైగా పానగల్ పార్కులో కొంత భాగాన్ని మెట్రో రైలు రెండో దశ పనులకు తీసుకున్నారు. రైలూ అవసరమే, కాదనను. కానీ ఊరికి ఏది అవసరం వచ్చినా మొదట చెయ్యి పోయేది పట్టా లేని జాగా మీదికేనన్న సంగతి గమనించాలి.

స్వాతంత్ర్యం తరువాత 1971లో తమిళనాడు పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం వచ్చింది. ఇప్పటి సి.ఎం.డి.ఏ. సంస్థ ఆ దశాబ్దంలో ఏర్పడింది. 2008లో రెండో మాస్టర్ ప్లాను వచ్చింది. యజమానుల ఫిర్యాదులు ఎక్కువగా ఈ చట్టం చుట్టూ, ఈ ప్లానుల చుట్టూ తిరుగుతాయి. వాటిని మూడుగా విడదీసి చూస్తే ఏది బియ్యమో, ఏది ఊకో తెలుస్తుంది.

మొదటిది పది శాతం గొడవ. ఈ మాట వినగానే ఒకటిన్నర గ్రౌండు ఉన్నవారు కూడా గుండె పట్టుకుంటారు. 2008 ప్లాను నిబంధన ప్రకారం 3000 చదరపు మీటర్ల లోపు జాగాకు ఈ బాధ లేదు. అంటే సుమారు పదమూడున్నర గ్రౌండ్ల దాకా ఎవరూ పార్కు అడగరు. 3000 నుంచి 10,000 చదరపు మీటర్ల వరకు రోడ్లు పోగా పదో వంతు జాగా ఇవ్వాలి, లేదా రిజిస్ట్రేషను శాఖ కట్టిన విలువ ప్రకారం డబ్బు కట్టాలి. 10,000 దాటితే, అంటే దాదాపు 45 గ్రౌండ్లు దాటితే, డబ్బు తీసుకోరు, జాగాయే ఇవ్వాలి. కాబట్టి పది శాతం పేరు చెప్పి మనచేత కేకలు వేయించేవారు చాలాసార్లు 45 గ్రౌండ్ల వారు. మన ఒక్క గ్రౌండును ముందు పెట్టుకుని వారు తమ గొడవ నడుపుతున్నారు. మనబోటివారికి నిజంగా తగిలేవి ఇంటిచుట్టూ వదలవలసిన అడుగులు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయే జాగా.

రెండోది న్యాయమైన ఫిర్యాదు. ప్లానులో ఒకరి భూమిని పార్కుకనో, బడికనో గుర్తు పెట్టి, కొనకుండా, వదలకుండా ఏళ్ళ తరబడి పెట్టి ఉంచడం. అమ్మబోతే కొనేవాడు రాడు, కట్టబోతే అనుమతి రాదు. 1971 చట్టంలోని 38వ సెక్షను ఇందుకు విరుగుడు చెప్పింది. మూడేళ్ళలోపు ఆ భూమిని తీసుకునే ఏర్పాటు చేయకపోతే గుర్తు తొలగినట్టే భావించాలి. మహారాష్ట్ర చదువరులకు తమ 1966 చట్టంలోని 127వ సెక్షను తెలిసే ఉంటుంది. అక్కడ పదేళ్ళు ఆగి, యజమాని నోటీసు ఇవ్వాలి. ఆస్తిహక్కు 1978 సవరణతో ప్రాథమిక హక్కుల జాబితాలోనుంచి తొలగినా, చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగం 300-ఎ అధికరణం చెబుతూనే ఉన్నది. ఊరికి పార్కు కావాలంటే ఊరు డబ్బు పెట్టి కొనాలి. కొనే తాహతు లేనప్పుడు పటంలో పచ్చరంగు పూయడం యజమానికి అన్యాయం.

మూడోది అన్నిటికన్నా బరువైనది. నిబంధన ఒకరికి ఒక తీరున, మరొకరికి మరొక తీరున నడవడం. 1971 చట్టంలోని 113వ సెక్షను ఎవరికైనా మినహాయింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ అధికారం కింద వచ్చిన 62 ఉత్తర్వులను 2000లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. సెక్షను ఉండవచ్చును గాని, కారణం చెప్పకుండా మినహాయింపులు పంచిపెట్టరాదని దాని తాత్పర్యం. ఇంతలో 1998లో చట్టం సవరించి, 1999 ఫిబ్రవరి 28 లోపల నిబంధన మీరి కట్టినవాటిని రుసుము తీసుకుని క్రమబద్ధం చేసే పథకం పెట్టారు. ఆ గడువును మళ్ళీ మళ్ళీ పొడిగించారు. 2006లో హైకోర్టు ఒక్కసారికి సరేనని, పొడిగింపులను కొట్టివేసింది. 2011 అక్టోబరు చివర టి.నగర్‌లో పెద్ద పెద్ద దుకాణాలకు సీలు వేశారు. 2012 జనవరిలో, పొంగల్ పండుగ ముందర, సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అవి తెరుచుకున్నాయి. 2017 మే 31న ఉస్మాన్ రోడ్డులో ఒక ఏడంతస్తుల బట్టలకొట్టు తగలబడి, చివరికి భవనాన్నే కూల్చవలసి వచ్చింది. భవనం చుట్టూ వదలమనే ఆ నాలుగడుగులు ఎందుకో ఆ రోజు వీధి వీధంతా చూసింది. ఇదంతా చూస్తూ, చట్టప్రకారం అడుగులు వదిలి ఇల్లు కట్టుకున్న చిన్న యజమాని "వెర్రివాణ్ణి నేనే" అనుకుంటే తప్పు ఎవరిది?

కోర్టులు యజమాని వైపు ఉన్నాయా, పార్కు వైపు ఉన్నాయా అని అడిగేవారికి రెండు తీర్పులు చెబుతాను. బెంగుళూరు రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షనులో పార్కు కోసం ఉంచిన జాగాను ఒక ప్రైవేటు నర్సింగ్‌హోముకు కేటాయించారు. ముఖ్యమంత్రి స్థాయిలో జరిగిన నిర్ణయం అది. అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. ఆసుపత్రి కూడా ప్రజలకు మంచిదే గదా అన్నది అవతలివారి వాదం. 1991లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. పార్కుకని పెట్టినది పార్కుగానే ఉండాలన్నది. పార్కు పోతే నష్టపోయే నివాసులకు కోర్టుకు వచ్చే హక్కు ఉన్నదన్నది. చూడండి, ఆ కేసులో ఖాళీ జాగా కోసం పోరాడినవారు ఆ పేటలో కాపురం ఉన్నవారే.

రెండో కేసు ఢిల్లీది. ఒక కాలనీ వేసినవారిని, పార్కుకూ బడికీ వదిలిన జాగాను ఉచితంగా కార్పొరేషను పేర రాసి ఇవ్వమని షరతు పెట్టారు. 1994లో సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదన్నది. చట్టంలో అధికారం లేకుండా, పరిహారం లేకుండా యాజమాన్యం లాక్కోరాదు. కానీ అదే తీర్పు ఇంకొక మాటా చెప్పింది. ఒకసారి పార్కుకని చూపించిన తరువాత ఆ జాగా మీద యజమానికి ధర్మకర్త వంటి బాధ్యత వస్తుంది, దాన్ని ఇష్టం వచ్చినట్టు అమ్ముకోలేడు. పేరు ఒకరిది కావచ్చు, అనుభవం అందరిదీ.

ఈ రెండో మాట ఎంత అవసరమో మా కాలనీవారికి తెలుసు. నగరానికి దక్షిణపు శివారులో 1970లలో వేసిన లేఔటు మాది. పటంలో రెండు గ్రౌండ్లు పిల్లల ఆటస్థలమని ఉన్నది. భూమి యజమాని దానికి స్థానిక పంచాయతీ పేర దానపత్రం రాయలేదు, పంచాయతీవారూ అడగలేదు. పట్టా ఆయన పేరనే ఉండిపోయింది. ఆయన పోయిన తరువాత వారసులు ఆ జాగాను అమ్మేశారు. కొన్నాయన మనవంటి తెలుగాయనే, ఉద్యోగం విరమించుకుని ప్రావిడెంటు ఫండంతా అందులో పోశారు. ప్రహరీ లేవబోతే కాలనీవాళ్ళం అడ్డుపడ్డాం. ఆయన కాగితాల సంచీ పట్టుకుని మా మీటింగుకు వచ్చారు. "మూలపత్రం చూశానండీ, ముప్పై ఏళ్ళ ఈ.సీ. తీయించానండీ, పట్టా చూశానండీ. ఇంక నేను చూడవలసింది ఏమున్నది?" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ.సీ.లో కనిపించేది రిజిస్టరైన పత్రాలే. రాయని దానపత్రం అందులో ఎలా కనిపిస్తుంది? లేఔటు పటం ఒక్కటే నిజం చెబుతుంది, దాన్ని ఎవరూ ఆయనకు చూపించలేదు. ఇల్లు కట్టడానికి ఆయన పెట్టిన అర్జీ ఆ పటం వల్లనే ఆగిపోయింది. డబ్బు తీసుకున్న వారసులు చేతులెత్తేశారు. ఆ పెద్దాయనకు ఇల్లు రాలేదు, మా పిల్లలకు ఆటస్థలమూ రాలేదు. ప్రస్తుతం అక్కడ సీమతుమ్మ మొలిచి ఉన్నది.

ఇటువంటి జాగాలు రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. అసలు పటమే లేకుండా ముక్కలు చేసి అమ్మినవి అంతకన్నా ఎక్కువ. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషనును ఆపింది. 2017లో ప్రభుత్వం క్రమబద్ధీకరణ నిబంధనలు తెచ్చింది. జనం వరుసల్లో నిలబడి డబ్బు కట్టారు. ఆ రుసుముల్లో పార్కు వదలనందుకు కట్టవలసిన రుసుమూ ఒకటి. అంటే పార్కు ఎగవేసినవాడు ప్లాట్లు అమ్ముకుని వెళ్ళిపోయాడు, పార్కు లేని వీధిలో ఉంటున్నవాడు పార్కు బాకీ తీర్చాడు.

2015 డిసెంబరు వరదల్లో, మళ్ళీ 2021 నవంబరు వానల్లో, మాంబళం వీధుల్లో నీళ్ళు నిలిచాయి. మాంబళం కాలువ పొంగింది. నూరేళ్ళ కిందట చెరువుకు వచ్చిన నీళ్ళే అవి. వాటికి పట్టాలు తెలియవు, పల్లం తెలుసు. ఆ నీటిని ఇంకించుకోవడానికి ఇంటిచుట్టూ వదలవలసిన మట్టి నేలను మనం సిమెంటు చేశాం. ఇంట్లోకి నీళ్ళు వచ్చిన తరువాత గ్రౌండు ధర ఎంత అన్నది మాత్రం ఆ వారంలో ఎవరూ అడగలేదు.

నాకు తేలినది ఇది. ఖాళీ జాగా మన ఆస్తికి శత్రువు కాదు, మన ఆస్తి ధరలో చేరి ఉన్న భాగం. దానికి మనం ఒకసారి డబ్బు కట్టాం. దాన్ని ఎవరైనా అమ్ముకుంటే దోచుకున్నది మనల్నే. కాబట్టి యజమానులుగా మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. గుర్తు పెట్టిన భూమిని గడువులోపల కొనండి, లేదా వదలండి. మినహాయింపు ఇస్తే కారణం రాసి అందరికీ చూపించండి. పార్కుకు బదులు వసూలు చేసిన డబ్బుతో ఎక్కడ ఏ పార్కు వేశారో లెక్క చెప్పండి. ప్రతి లేఔటులోనూ ఆటస్థలానికి దానపత్రం రిజిస్టరైందా అని చూడండి.

ఈ చివరిపని సర్కారు చేసేదాకా ఆగనక్కరలేదు. మీ కాలనీ లేఔటు పటం నకలు తెచ్చుకోండి. అందులో పచ్చగా చూపిన జాగాకు సర్వే నెంబరు రాసుకుని, పట్టా ఎవరి పేర ఉన్నదో ఈ నెలలోనే కనుక్కోండి. ఇంకా పాత యజమాని పేరనే ఉంటే, ఆయన బతికి ఉండగానే వెళ్ళి కలవండి.